ముందు పడటం నేర్పాలి

డప్పు మోగుతుంటే జనం గుండ్రంగా కూర్చుంటారు. నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల పల్లెల్లో జాతరకో, హోలీకో జరిగే కుస్తీ పోటీల్లో మొదట దిగేది పేరున్న పహిల్వాన్లు కాదు, నిక్కర్లు ఎగదోపుకున్న పిల్లలు. వాళ్లది కొబ్బరికాయ కుస్తీ. గెలిచిన పిల్లాడి చేతిలో ఊరి పెద్ద ఓ కొబ్బరికాయ పెడతాడు. ఓడినవాడు ఒళ్లంతా దుమ్ము దులుపుకుంటూ వెళ్లి వాళ్ల నాన్న పక్కన కూర్చుంటాడు. పొద్దు వాలేకొద్దీ దిగేవాళ్ల వయసు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, బహుమతీ పెరుగుతుంది. చివరి కుస్తీకి వెండి కడియం.

కొబ్బరికాయ పట్టుకున్న పిల్లాడు కడియం దాకా రావడానికి పదేళ్లు పడుతుంది. పాతకాలపు వస్తాదులకు ఈ లెక్క బాగా తెలుసు. ఇప్పుడు పిల్లల్ని స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని అకాడమీ గేటు ముందు నిలబడే తల్లిదండ్రులకు మాత్రం అంత ఓపిక ఉండటం లేదు. 2016 చివర్లో ‘దంగల్’ సినిమా వచ్చాక ఆ తొందర ఇంకా పెరిగింది. ‘మావాడికి ఆరేళ్లండీ, ఇప్పుడే వేసేయొచ్చా? ఆలస్యమైతే వెనకబడిపోడూ?’ అన్నది వాళ్ల మొదటి ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పలేం. కుస్తీలో ఆటకు ఓ వయసుంది, పట్టుకు ఓ వయసుంది, పోటీకి మరో వయసుంది. ఈ మూడింటినీ ఒకేసారి నెత్తిన వేస్తే పిల్లలు దెబ్బలైనా తింటారు, విసిగిపోయి మానేయనైనా మానేస్తారు.

అయిదేళ్లకూ పతకమే, పద్నాలుగుకూ పతకమే

స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం తెచ్చింది కుస్తీయే. 1952 హెల్సింకీలో కాంస్యం గెలిచిన ఖాశాబా జాధవ్‌ది మహారాష్ట్రలో కరాడ్ దగ్గరి గోలేశ్వర్. తండ్రి కూడా మల్లుడే. కొడుకును అయిదో ఏటే మట్టిలోకి దించారు. టోక్యోలో కాంస్యం గెలిచిన బజరంగ్ పునియా ఏడేళ్లకు మొదలుపెట్టాడు. అదే టోక్యోలో రజతం గెలిచిన రవి దహియా పదేళ్లకు ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియంలో చేరాడు. తండ్రి రోజూ సోనీపత్ జిల్లా నాహ్రీ గ్రామం నుంచి పాలు, వెన్న మోసుకొచ్చి కొడుక్కి ఇచ్చి వెళ్లేవాడు. రియోలో కాంస్యం తెచ్చిన సాక్షి మలిక్ రోహ్‌తక్‌లోని అఖాడాలో అడుగుపెట్టింది పన్నెండో ఏట. రెండు ఒలింపిక్ పతకాల సుశీల్ కుమార్ ఛత్రసాల్‌కు వచ్చేటప్పటికి పద్నాలుగేళ్లు.

అయిదు, ఏడు, పది, పన్నెండు, పద్నాలుగు. వీళ్లందరి మెడలోనూ ఒలింపిక్ పతకం పడింది. కాబట్టి ఆరేళ్లకు చేర్చకపోతే రైలు వెళ్లిపోతుందన్న భయం అక్కర్లేదు.

ఆ ‘దంగల్’ కథే చూడండి. దాని మూలాల్లో మన శ్రీకాకుళం ఉంది. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి 69 కిలోల విభాగంలో బరువులెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. హరియాణాలోని బలాలీ గ్రామంలో ఆ వార్త విన్న ‘దంగల్’ అసలు తండ్రి మహావీర్ సింగ్ ఫోగట్ ‘ఆ అమ్మాయి చేయగలిగితే నా కూతుళ్లెందుకు చేయలేరు’ అనుకున్నానని తర్వాత చాలాసార్లు చెప్పాడు. అప్పటికి పెద్దమ్మాయి గీతకు పన్నెండో ఏడు నడుస్తోంది, బబితకు పదకొండు నిండబోతున్నాయి. గీత ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచింది 2010లో. మధ్యలో పదేళ్లు. సినిమాలో అది రెండు పాటల్లో గడిచిపోతుంది.

పరుపే మొదటి గోదా

మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకు గురువు అక్కర్లేదు, ఇల్లు చాలు. నాన్న పొట్ట మీదెక్కి గుద్దడం, తాతయ్య కాలు పట్టుకుని వేలాడటం, అన్నాచెల్లెళ్లు పరుపు మీద దొర్లి దొర్లి నవ్వడం... కుస్తీ అక్కడే మొదలవుతుంది. ఎదుటివాడి బరువు ఎటు వాలుతోందో, ఎంత గట్టిగా పడితే నొప్పో, ఎంతలో ఆపాలో పిల్లల ఒంటికి తెలిసేది ఈ ఆటలోనే.

ఇంట్లో పెట్టాల్సిన నియమం ఒక్కటే. ఎవరైనా ‘చాలు’ అంటే ఆ క్షణంలో చేతులు వదిలేయాలి. నాన్న కూడా వదిలేయాలి. నవ్వుతూ అన్నా, ఏడుస్తూ అన్నా ‘చాలు’ అంటే చాలే. ఈ మాటకు ఇంట్లో విలువ ఉంటే రేపు కుస్తీ నేర్పే తాలింఖానాలోనూ, బడిలోనూ ఆ బిడ్డ దాన్ని ధైర్యంగా అంటుంది, ఇంకొకరు అంటే ఆగుతుంది. పీక పట్టుకోవడం, మెడ మెలిపెట్టడం, వేళ్లు వెనక్కి విరవడం మాత్రం ఆటలోనైనా ఉండకూడదు.

ఆరు నుంచి తొమ్మిది: పిల్లిమొగ్గల కాలం

ఈ వయసులో తాలింఖానాకో, అకాడమీకో పంపొచ్చు. అయితే అక్కడ ఏం చేయిస్తున్నారో చూడాలి. మంచి వస్తాదు దగ్గర మొదటి నెలల్లో పట్టు అన్న మాటే వినిపించదు. పిల్లిమొగ్గలు, ఎలుగుబంటి నడక, పీత నడక, కప్ప గెంతులు. నడుముకు గుడ్డపేలిక దోపుకుని ఒకరి తోక ఒకరు లాక్కునే ఆట. ఎదుటివాడి చేతికి చిక్కకుండా అతని మోకాలు ముట్టుకుని తప్పించుకునే ఆట. ముగ్గుపిండితో గీసిన వలయం నుంచి భుజంతో తోసి బయటకు పంపే ఆట. చూసేవాళ్లకు ఇది బడి మైదానంలో అల్లరిలా కనిపిస్తుంది. ‘ఫీజు కట్టింది దీనికా?’ అని గొణిగే తండ్రులూ ఉంటారు. నిజానికి కాలు లాగే ప్రతి పట్టుకూ పునాది ఆ మోకాలు ముట్టుకునే ఆటలోనే ఉంది. మోకాళ్లు వంచి, నడుము దించి, తల ఎత్తి నిలబడటం పిల్లలకు తెలియకుండానే అలవాటవుతుంది.

వీటన్నిటితో పాటు మొదటి రోజు నుంచే నేర్పాల్సింది పడటం. వెనక్కి పడేటప్పుడు గడ్డం గుండెకు ఆనించి, వీపు గుండ్రంగా చేసి దొర్లాలి. ముందుకో పక్కకో పడేటప్పుడు చెయ్యి చాపి నేలను ఆపబోకూడదు. చాపిన చేతి మీద ఒళ్లంతా పడితేనే మణికట్టు విరిగేది, మోచెయ్యి జారేది. మొదట కూర్చుని పడటం, తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాత నిలబడి. వందలసార్లు పడ్డాక నేలంటే భయం పోతుంది. భయం పోయిన పిల్లాడు బిగుసుకుపోడు కనుక దెబ్బలూ తక్కువే.

వారానికి రెండు రోజులు, రోజుకు ముప్పావు గంట ఈ వయసుకు సరిపోతుంది. మిగతా రోజుల్లో ఈత కొట్టనివ్వండి, చెట్లెక్కనివ్వండి, చెడుగుడు ఆడనివ్వండి. హైదరాబాద్ శివార్లలోని హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతిలో పిల్లల్ని తీసుకునేటప్పుడు చూసేదీ ఇలాంటివే. పరుగు ఎంత, నిలబడ్డచోటి నుంచి ఎంత దూరం దూకగలరు, ఒళ్లు ఎంత వంగుతుంది, మెడిసిన్ బాల్ ఎంత దూరం విసరగలరు... ఫలానా ఆట వచ్చా అని అడగరు.

పది దాటాక పట్టు

పది, పదకొండేళ్లకు పిల్లలు చెప్పింది విని, చూసి, వరసగా గుర్తుపెట్టుకుని చేయగలుగుతారు. అసలైన పట్లు నేర్పడానికి ఇది అదను. ఒంటి కాలు లాగడం, రెండు కాళ్లూ పట్టి పడేయడం, ఎదుటివాడి చెయ్యి కింద దూరి వీపు వెనక్కి చేరడం. చెడుగుడులో మడమ పట్టు, తొడ పట్టు, నడుం పట్టు తెలిసిన తెలుగు పిల్లలకు ఇవి పూర్తిగా కొత్త కాదు. ఎదుటివాడి రెండు భుజాలూ నేలకు ఆనిస్తే ఆట అక్కడితో ముగుస్తుంది. అదే ‘చిత్’. మనం రోజూ క్రికెట్ వార్తల్లో రాసే ‘చిత్తు చేశారు’ ఈ గోదా భాషే.

ఎత్తి వెనక్కి విసిరే పట్లు, మెడ మీద బరువు మోపే విన్యాసాలు ఇంకా ఆగాలి. ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మెత్తని పొర ఉంటుంది. అమ్మాయిల్లో సుమారు 13–15 ఏళ్లకు, అబ్బాయిల్లో 15–17 ఏళ్లకు గానీ అది పూర్తిగా గట్టిపడదు. ఆలోపు పదేపదే ఒకేచోట బలంగా దెబ్బ తగిలితే ఎముక పెరుగుదలే దెబ్బతినొచ్చు.

అలాగని వ్యాయామం చేస్తే పొడుగు పెరగరన్న మాట నిజం కాదు. దండీలు, బస్కీలు, తాడెక్కడం, పక్కవాణ్ని వీపున మోయడం లాంటివి సరైన పర్యవేక్షణలో చేస్తే పిల్లలకు మంచివేనని అమెరికా పిల్లల వైద్యుల సంఘమూ చెబుతోంది. అదే సంఘం ఒకే ఆటకు అంకితం కావడాన్ని 15, 16 ఏళ్ల దాకా వాయిదా వేయమంటోంది. వారంలో ఒకటి రెండు రోజులు, ఏడాదిలో నెల చొప్పున మూడు నెలలు ఆ ఆటకు సెలవివ్వమంటోంది. వారానికి సాధన గంటలు పిల్లల వయసును దాటకూడదన్నది క్రీడా వైద్యులు చెప్పే ఇంకో లెక్క. పదేళ్ల బిడ్డకు వారానికి పది గంటలు మించకూడదన్నమాట.

జోడీ కుదర్చడంలోనే వస్తాదు పనితనం తెలుస్తుంది. బరువులో పది శాతానికి మించి తేడా లేకుండా చూడటం మంచి పద్ధతి. అంటే 30 కిలోల పిల్లాడికి 33 కిలోలవాడు జోడీ కావచ్చు, 40 కిలోలవాడు కాదు. వయసు, అనుభవం కూడా చూడాలి. పన్నెండేళ్ల ఇద్దరిలో ఒకడికి మీసం మొలుస్తుంటే, ఇంకొకడు ఇంకా చిన్నపిల్లాడిలాగే ఉంటే బరువు సమానమైనా బలం సమానం కాదు.

మట్టా? మ్యాటా?

పాత తాలింఖానాల్లో మట్టిని రోజూ తవ్వి, గడ్డలు లేకుండా పొడిచేసి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తగా ఉంచేవారు. ఆ మట్టి తవ్వడమే పిల్లలకు సగం వ్యాయామం. హైదరాబాద్ పాతబస్తీలో, బార్కస్‌లో ఆ సంప్రదాయం ఇంకా ఉంది. ఒలింపిక్స్‌లో మాత్రం అంతా మ్యాట్ మీదే. తొమ్మిది మీటర్ల వ్యాసం ఉన్న వలయం, మూడేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో 30 సెకన్ల విరామం.

పిల్లలకు రెండూ మంచివే. మట్టిలో పాదం కూరుకుపోతుంది కనుక ఆట నెమ్మదిగా, పట్టు మీద సాగుతుంది. మ్యాట్ మీద వేగం కావాలి. పోటీల దాకా వెళ్లాలనుకునే పిల్లలకు పదేళ్ల నుంచి మ్యాట్ అలవాటు చేయాలి. చూడాల్సింది ఏది మేలని కాదు, ఎలా ఉంచారన్నది. గట్టిపడ్డ మట్టి, మధ్యలో విడిపోయిన మ్యాట్, అంచుకు రెండడుగుల దూరంలో ఇనుప స్తంభం కనిపిస్తే వెనక్కి తిరగాలి.

పోటీకి తొందర లేదు

అంతర్జాతీయ కుస్తీలో చిన్నపిల్లల విభాగం అండర్–15. అందులో 14, 15 ఏళ్ల వాళ్లు ఆడతారు. 13 ఏళ్లవాళ్లు దిగాలంటే వైద్య ధ్రువపత్రం, తల్లిదండ్రుల అనుమతి రెండూ ఉండాలి. ఆట సమయం కూడా రెండేసి నిమిషాలే. ప్రపంచ సమాఖ్యే పదమూడు దాకా ఆగమంటుంటే ఎనిమిదేళ్ల బిడ్డకు పతకాల పట్టిక అక్కర్లేదు.

తమ అకాడమీలోనో, పక్క ఊళ్లోనో సరదా పోటీలు పదేళ్ల నుంచి పెట్టొచ్చు. కొబ్బరికాయ కుస్తీలో ఉన్న తెలివి అదే. గెలిస్తే ఓ కాయ, ఓడితే పోయేదేం లేదు, సాయంత్రానికి ఇద్దరూ ఆ కాయే పగలగొట్టుకుని తింటారు. ఓడిన పిల్లాణ్ని ఇంటికి వెళ్లేదాకా విశ్లేషించకపోవడం తండ్రి చేయగల పెద్ద సాయం.

వయసు తగ్గించి చూపి చిన్న విభాగంలో దించడం మన దేశంలో పాత జబ్బు. నకిలీ జనన ధ్రువపత్రాలు పెట్టారంటూ 2025లో భారత రెజ్లింగ్ సమాఖ్య పలువురు క్రీడాకారులను సస్పెండ్ చేసింది. కాగితం మీద రెండేళ్లు తగ్గిస్తే మ్యాట్ మీద ఇంకెవరి బిడ్డకో దెబ్బ తగులుతుంది.

తక్కెడ దగ్గర జాగ్రత్త

2024 ఆగస్టులో పారిస్‌లో వినేశ్ ఫోగట్ 50 కిలోల విభాగంలో ఫైనల్ చేరింది. మర్నాడు పొద్దున తూస్తే వంద గ్రాములు ఎక్కువ. పతకం చేజారింది. అదే ఒలింపిక్స్‌లో అమన్ సెహ్రావత్ సెమీఫైనల్ ఓడిన రాత్రి పది గంటల్లో 4.6 కిలోలు తగ్గి, మర్నాడు 57 కిలోల విభాగంలో కాంస్యం గెలిచాడు. ఈ రెండు కథలూ ఇంట్లో కూర్చుని చూసిన పిల్లలు కుస్తీ అంటే బరువు తగ్గించుకోవడమేమో అనుకుంటే తప్పు వాళ్లది కాదు.

వినేశ్, అమన్ పెద్దవాళ్లు. పక్కన వైద్యులున్నారు. అయినా అది ప్రమాదమే. 1997 చివర్లో అమెరికాలో నెల రోజుల పైచిలుకు వ్యవధిలో ముగ్గురు కళాశాల మల్లయోధులు బరువు దించుకోబోయి చనిపోయారు. వేడిలో, చెమట పట్టేలా, నీళ్లు తాగకుండా వ్యాయామం చేశారు. ఆ తర్వాత అక్కడి కళాశాల క్రీడల సంస్థ రబ్బరు సూట్లను, ఆవిరి గదులను నిషేధించింది. పోటీకి కొద్దిసేపటి ముందే బరువు తూచే పద్ధతి తెచ్చింది.

ఎదిగే పిల్లలకు బరువు తగ్గించడం అన్న మాటే వద్దు. ‘రెండు కిలోలు దించితే కింది విభాగంలో పతకం ఖాయం’ అని ఏ కోచ్ అన్నా ఆ రోజే పిల్లాణ్ని ఇంటికి తెచ్చేసుకోవాలి. ఏ బరువుంటే ఆ విభాగంలోనే ఆడాలి.

డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడులూ అక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 7–9 ఏళ్ల పిల్లలకు రోజుకు సుమారు 23 గ్రాములు, 10–12 ఏళ్ల వాళ్లకు 32 గ్రాముల చొప్పున ప్రోటీన్ కావాలి. ఓ గుడ్డు, ఓ గ్లాసు పాలు కలిస్తేనే పన్నెండు గ్రాములకు పైన. మిగతాది పప్పన్నం, పెరుగు, గుప్పెడు పల్లీలు చూసుకుంటాయి. కండ పెంచుకోవడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దని 2024 మార్గదర్శకాల్లో ఆ సంస్థే చెప్పింది.

చర్మం, చెవి, తల

ఒంటికి ఒళ్లు రాసుకునే ఆట కాబట్టి తామర, చీము పొక్కులు తేలిగ్గా అంటుకుంటాయి. మ్యాట్‌ను రోజూ మందునీళ్లతో తుడవాలి. పిల్లలు గోళ్లు కత్తిరించుకుని రావాలి, ఎవరి తువ్వాలు వాళ్లే వాడాలి, సాధన అయిన వెంటనే స్నానం చేయాలి. పొక్కులుంటే మానే దాకా మ్యాట్ ఎక్కకూడదు. పహిల్వాన్ల చెవులు ముడుచుకుపోయి గట్టిపడి కనిపిస్తాయి. పదేపదే ఒరుసుకుని లోపల రక్తం గడ్డకట్టడం వల్ల అలా అవుతుంది. కొందరికి అది గర్వం. పిల్లలకు మాత్రం చెవి కవచం పెట్టాలి, చెవి వాస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి.

తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, ఏం జరిగిందో గుర్తులేదన్నా ఆ రోజుకు ఆట బంద్. డాక్టరు సరేనన్నాకే మళ్లీ. మూర్ఛ, గుండె సమస్య, ఒకే కిడ్నీ, ఒక కంటికే చూపు ఉన్న పిల్లల విషయంలో చేర్చక ముందే వైద్యుణ్ని అడగాలి.

వస్తాదును చూసి వేయాలి

కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో చిన్నాన్న దగ్గర పెరుగుతూ అక్కడి వ్యాయామశాలలో సాము, కుస్తీ నేర్చారు. గుండెల మీద ఏనుగును నిలబెట్టిన సర్కస్ యోధుడిగానే ఆయన అందరికీ తెలుసు. అంతకుముందు ఆయన మద్రాసులో శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలో పిల్లలకు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారన్నది చాలామందికి గుర్తుండదు. పిల్లలకు కావలసింది ఆ రెండో రామ్మూర్తి. పతకాలు గెలిచినవాడు కాకపోయినా ఫరవాలేదు, నేర్పడం తెలిసినవాడై ఉండాలి.

పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో శిక్షకుడి డిప్లొమా చేశారా, ప్రథమ చికిత్స తెలుసా, ఒక్కో శిక్షకుడికి ఎంతమంది పిల్లలు అని మొహమాటం లేకుండా అడగండి. కర్ర పట్టుకుని తిరిగే వస్తాదు క్రమశిక్షణ కలవాడని అనుకోవద్దు. బిడ్డకు అక్కడ భద్రత ఉందా అన్నదీ చూడాలి. 2023 జనవరిలో దేశంలోని అగ్రశ్రేణి మల్లయోధులు లైంగిక వేధింపులు జరుగుతున్నాయని ఆరోపిస్తూ ఢిల్లీ జంతర్ మంతర్‌లో నిరసనకు కూర్చున్నారు. అంత పేరున్నవాళ్లే నోరు తెరవడానికి ఏళ్లు పట్టిందంటే చిన్నపిల్లల సంగతి ఆలోచించాలి. తలుపులు మూసి తల్లిదండ్రుల్ని చూడనివ్వని చోట, పిల్లల్ని ఒంటరిగా గదిలోకి పిలిచేచోట, ఆడపిల్లలున్నా ఒక్క మహిళా సిబ్బంది లేనిచోట చేర్చకండి. ఏది ఆటలో భాగమైన స్పర్శో, ఏది కాదో మొదటి రోజుకు ముందే బిడ్డకు ఇంట్లో చెప్పండి. ఇబ్బంది పెట్టిన సంగతి ఎవరి గురించైనా సరే అమ్మానాన్నలకు చెప్పొచ్చన్న ధైర్యం ఇవ్వండి.

అమ్మాయిని చేర్చాలా వద్దా అని ఇంకా తటపటాయించేవాళ్లకు ఓ మాట. మహిళల కుస్తీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2004లోనే. గీత, బబిత మొదట్లో మగపిల్లలతోనే తలపడాల్సి వచ్చింది. ఇప్పుడా పరిస్థితి లేదు. పదేళ్లలోపు ఆడామగా పిల్లల బలంలో పెద్ద తేడా ఉండదు కనుక ఆటలు కలిసే ఆడొచ్చు. ఆ తర్వాత జోడీలు వేరు చేస్తే చాలు.

పరీక్షలు అయిపోయి వేసవి శిబిరాలు మొదలయ్యే రోజులు పిల్లల్ని పరిచయం చేయడానికి అనువైనవి. వెళ్లేముందు గోళ్లు కత్తిరించండి, సంచిలో నీళ్ల సీసా, సొంత తువ్వాలు పెట్టండి. మొదటి రెండు వారాలు గోడ పక్కన కూర్చుని చూడండి. ఆ రెండు వారాల్లో బిడ్డ చేత పడటం సాధన చేయించారా లేదా అన్నది గమనించండి. చేయించకపోతే కట్టిన ఫీజు పోయినా సరే, ఇంకో చోటు వెతకండి.